ఉన్నదానిపై వ్రాయుటకు ముందు



రజతోత్సవ సభలో ఉపన్యాసమనగా గ్రంథముల మహిమనో, విద్యాదాన ఫలమునో వర్ణింతురని సభవారు ఎదురుచూచుట సహజము. నేటి విషయము అంతకంటె చాల చిన్నది. కంప్యూటరులో ఒక ఫైలును ఒకచోటినుండి మరియొకచోటికి చేర్చునపుడు, అక్కడ అదే పేరుగల ఫైలు ముందుగనే యున్నచో, యంత్రము ఆగి ఒక ప్రశ్న వేయును. ఉన్నదానిని తీసివేసి దాని స్థానమున క్రొత్తదానిని ఉంచవలెనా అని ఆ ప్రశ్న. దీనికి తొందరపాటున ఇచ్చిన బదులువలన ఎన్ని లెక్కలు, ఎన్ని ఛాయాచిత్రములు, ఎన్ని వ్రాతలు మాయమైనవో కంప్యూటరు ముందు కూర్చుండు పిల్లల నడిగినచో ఇంటికొక కథ చెప్పుదురు.

ఇట్టి మాటకు గ్రంథాలయోత్సవములో తావేమని కొందరికి తోచవచ్చును. పూర్వము గ్రంథాలయమునకు శత్రువులు మూడు: చెదలు, వాననీరు, పుచ్చుకొని తిరిగి ఈయని చందాదారుడు. ఈ మూడింటికిని బీరువాలు, పెంకులు, చందా పుస్తకములు కావలి కాచినవి. నేడు యాక్సెషన్ రిజిస్టరులు, దాతల పట్టికలు, చందాల లెక్కలు, పాతపుస్తకముల పుటల ఛాయలు కంప్యూటరులోనికి చేరుచున్నవి. ఒక బీరువా కాలిపోవుటకు ఒక రాత్రి పట్టును. ఒక ఫోల్డరు పోవుటకు ఒక మీట చాలును. కావున ఆ మీటపై వ్రేలుంచువాడు తెలిసికొనవలసిన విషయములు గ్రంథాలయ విషయములే యగును.

చోడవరమున స్వయంభూ విఘ్నేశ్వరుడు వెలసియున్నాడు. చాలకాలము విశాఖపట్టణము జిల్లాలో నుండి, 2022 ఏప్రిలునుండి అనకాపల్లి జిల్లాలో చేరిన ఈ ప్రాంతపు ప్రజలు అక్షరాభ్యాసమునకును, క్రొత్త లెక్కల పుస్తకమునకును ముందుగా ఆ దేవునే తలతురు. విఘ్నేశ్వరుడు భారతమునకు లేఖకుడని ప్రసిద్ధి. వ్యాసుడు చెప్పుచుండగా గంటము ఆగరాదని ఆయన నియమము పెట్టెను. వ్యాసుడు ఆ నియమమున కొప్పుకొని, తన పక్షమున ఒక నియమము పెట్టెను: అర్థము తెలిసికొననిదే అక్షరము వ్రాయరాదు. వేగము కోరినవాడు దేవుడు. ఆ వేగమునకు తెలివి అను పగ్గము వేసినవాడు ముని. ఈనాటి కంప్యూటరు వేగము చెప్పనలవికానిది. అది కూడ ఒకచోట ఆగి మనుజుని అడుగుచున్నదనగా, అర్థము తెలిసికొని బదులీయుటకు అది ఇచ్చిన వ్యవధి యది. చాలమంది దానిని దారిలో అడ్డువచ్చిన పశువును తోలినట్లు తోలివేయుచున్నారు.

ముందుగా ఆ ప్రశ్న స్వరూపమును చూతురు గాక. విండోస్ అను వ్యవస్థగల కంప్యూటరులో నకలు చేయునపుడు, గమ్యస్థానమున అదే పేరుతో ఫైలున్నచో మూడు దారులు కనబడును. మొదటిది రీప్లేస్, అనగా అక్కడున్నదానిని తొలగించి క్రొత్తదానిని పెట్టుట. రెండవది స్కిప్, అనగా ఈ ఫైలును విడిచిపెట్టి, అక్కడున్నదానిని ఉన్నట్లే ఉంచుట. మూడవది కంపేర్, అనగా రెండింటి వివరములను ప్రక్కప్రక్కన చూచుట. ఈ మూడవ దారిలో రెండింటి తేదీలు, పరిమాణములు కనబడును. రెండింటికిని గుర్తు పెట్టినచో రెండును నిలుచును, నకలు పేరు చివర ఒక అంకె చేరును. మాకింతోషులో రీప్లేస్, స్టాప్, కీప్ బోత్ అని అడుగును. మాటలు వేరైనను సారమొకటే. ఉన్నది పోవలెనా, వచ్చినది ఆగవలెనా, రెండును ఉండవలెనా?

ఈ మూటిలో ఒక్కటి మాత్రమే తిరిగి సరిదిద్దుకొనుటకు కష్టమైనది. విడిచిపెట్టినచో మరల నకలు చేసికొనవచ్చును. రెండును ఉంచినచో తరువాత ఒకటి తీసివేయవచ్చును. తొలగించినది మాత్రము చెత్తబుట్టలోనికి కూడ పోదు. ఇది చాలమంది ఎరుగని సంగతి. 1995లో వచ్చిన విండోస్ 95 నాటినుండి, చెరిపిన ఫైళ్లు రీసైకిల్ బిన్ అను బుట్టలో కొంతకాలము పడియుండుటకు జనులు అలవాటు పడిరి. ఆ అలవాటుచేత, పోయినది ఏదైనను బుట్టలో నుండునను ధైర్యము కలిగినది. చెరుపుట వేరు, పైవ్రాత వేరు. చెరిపినది బుట్టకు పోవును. పైవ్రాతచే పోయినది బుట్టకు రాదు.

ఈ సమస్య యంత్రముతో పుట్టినదని తలచుట పొరపాటు. తెలుగుదేశమున వ్రాత ఉన్నంతకాలమునుండి నకలును, నకలుతోపాటు నష్టమును ఉన్నవి. తాటియాకుపై గంటముతో గీచి, మసి రుద్ది, అక్షరము కనబడునట్లు చేసెడివారు. ఆకుమీద గీచినదానిని తుడుచుటకు వీలులేదు. ఆకు శిథిలము కాజొచ్చినపుడు, క్రొత్త ఆకులపై మరల వ్రాయించెడివారు. నకలు వ్రాసినవారిలో వివేకులు పాతకట్టను వెంటనే విడువలేదు. క్రొత్తదానితో సరిపోల్చి, విడిచిన పంక్తులు చూచి, తరువాతనే దాని సంగతి ఆలోచించిరి. అవివేకులు క్రొత్త కట్ట చేతికి రాగానే పాతదానిని ఏటిలో కలిపిరి. క్రొత్తదానిలో ఒక పద్యము జారిపోయినదని తెలియువేళకు, చూచుటకు పాతది లేదు. అదియే నేటి పైవ్రాత.

పాతదానిని నిలుపుకొని పోల్చుట యనునది ఎంతటి ఫలమిచ్చునో చూపినవాడు చార్లెస్ ఫిలిప్ బ్రౌన్. 1798లో పుట్టి, 1884లో గతించిన ఈ కుంఫిణీ ఉద్యోగి, కడప మొదలగుచోట్ల నుండి తెలుగు గ్రంథముల ప్రతులను సేకరించెను. ఆయన పద్ధతి గమనింపదగినది. ఒక కావ్యమునకు ఒక ప్రతి దొరకగానే తృప్తిపడలేదు. వేర్వేరు ఊళ్లనుండి పెక్కు ప్రతులు తెప్పించి, తన ధనముతో పండితులను నియమించి, పాఠములను సరిపోల్చి, శుద్ధప్రతిని వ్రాయించెడివాడు. శుద్ధప్రతి తయారైనదని మూలప్రతులను పారవేయలేదు. ఆయన సేకరించిన వ్రాతప్రతులు చెన్నపట్టణములోని ప్రభుత్వ ప్రాచ్యలిఖిత గ్రంథాలయమునకు చేరినవి. ఆయన సరిచేసిన పాఠము తప్పని ఎవరికైన తోచినచో, మూలమును తెరచి చూచుకొనుటకు ఆ ప్రతులే ఆధారము. సరిదిద్దువాడు తన దిద్దుబాటునకు సాక్ష్యమును నిలిపినాడన్నమాట.

గ్రామముల చరిత్రలకును ఇట్టి కథయే కలదు. కర్నల్ కాలిన్ మెకంజీ, ఆయనకు తోడ్పడిన కావలి బొర్రయ్య, లక్ష్మయ్య సోదరులు, పందొమ్మిదవ శతాబ్ది తొలినాళ్లలో ఊరూరి కైఫియతులను సేకరించిరి. కరణముల యొద్దనున్న దండకవిలెలు వానికి ముఖ్యాధారములు. 1821లో మెకంజీ మరణించిన పిదప ఆ కాగితములు పెట్టెలలో పడి, పురుగులకును, తేమకును లోబడజొచ్చినవి. బ్రౌన్ వానికి నకళ్లు వ్రాయించెను. ఆ నకళ్లు లోకల్ రికార్డులను పేర నిలిచినవి. ఊళ్లలోని దండకవిలెలు అనేకము నశించినను, ఆ ఊళ్ల దేవాలయములు, చెరువులు, మాన్యములు, పాలకులు ఎవరెవరో నేడు చెప్పగలుగుచున్నారనిన, నకలుకు నకలు ఉండుటవలననే. ఒక్కచోట ఒక్క ప్రతి యున్నదనగా అది సగము పోయినట్లే లెక్క.

పోయినదానిని పూరించుటలో కూడ ఒక మర్యాద కలదు. నన్నయభట్టు పదునొకండవ శతాబ్దిలో రాజరాజనరేంద్రుని కోరికపై భారతమును తెనిగింప మొదలిడి, ఆది సభాపర్వములను, అరణ్యపర్వములో కొంత భాగమును రచించెను. తిక్కన సోమయాజి పదుమూడవ శతాబ్దిలో విరాటపర్వమునుండి సాగించెను. నడుమ ఒక ఖాళీ మిగిలెను. పదునాల్గవ శతాబ్దిలో ఎఱ్ఱాప్రగడ ఆ అరణ్యపర్వశేషమును పూరించెను. ఆయన ముందున్నవారి వ్రాతను తుడిచి తన అరణ్యపర్వమును మొదటినుండి పెట్టలేదు. ఎక్కడ ఆగినదో అక్కడనుండి మాత్రమే వ్రాసి, నన్నయ కృతిపతియైన రాజరాజనరేంద్రుని పేరనే దానిని ముగించెను. ఉన్నది ఉన్నచోట నిలువగా, లేనిది మాత్రమే చేరినది. కంప్యూటరు భాషలో చెప్పవలెనన్నచో, ఎఱ్ఱన ఉన్న ఫైళ్లను స్కిప్ చేసి, లేనివానిని మాత్రము చేర్చినాడు.

క్రొత్తది మంచిది కాబట్టి పాతది పోయినను నష్టము లేదను వాదము ఒకటి వినబడుచుండును. దానికి బదులు ఈ జిల్లాలోనే పుట్టిన మహాకవి కృతిలో కలదు. గురజాడ అప్పారావు 1862లో ఎలమంచిలి ప్రాంతములోని సర్వసిద్ధి రాయవరమున జన్మించెను. ఆయన కన్యాశుల్కము 1892లో విజయనగరమున ప్రదర్శింపబడి, 1897లో అచ్చయ్యెను. 1909లో ఆయనయే దానిని ఎంతో మార్చి, పెంచి, రెండవ కూర్పుగా వెలువరించెను. లోకము మెచ్చినది ఆ రెండవ కూర్పును. అదే పేరు, అదే కర్త, క్రొత్త తేదీ, పెద్ద పరిమాణము. కంప్యూటరు అడిగియున్నచో నూటికి తొంబదిమంది రీప్లేస్ అనియే యుందురు. మొదటి కూర్పు ప్రతులు అరుదైపోయినవి కూడ. అయినను బంగోరె అను పేర ప్రసిద్ధుడైన బండి గోపాలరెడ్డి ఆ మొదటి పాఠమును వెదకి పట్టి, 1969లో మొట్టమొదటి కన్యాశుల్కము అను పేర ప్రకటించెను. రెండును ప్రక్కప్రక్కన నిలిచినపుడే, ఒక మహాకవి తన వ్రాతను తానెట్లు దిద్దుకొన్నాడో, ఏ పాత్రను ఎట్లు పెంచినాడో పాఠకునకు తెలియవచ్చినది. మొదటి కూర్పు లేకున్న రెండవ కూర్పు గొప్పతనమునకు కొలబద్ద లేదు.

లెక్కలు వ్రాయువారి ఆచారము కూడ ఇట్టిదే. గ్రామ లెక్కలలో తప్పుపడిన అంకెను గీకి చెరుపుట దోషము. దానిపై దిద్ది వ్రాయుట అంతకంటె దోషము. తప్పు అంకెకు అడ్డముగా ఒక గీత గీచి, అది చదువవచ్చునట్లుంచి, పైన సరియైన అంకె వేసి, ప్రక్కన పొడి సంతకము చేయవలెను. తప్పెట్టిదో, దిద్దినదెవరో, ఎప్పుడో పై అధికారికి కనబడవలెనని దీని భావము. గీకిన చోట కాగితము పలుచనై, తనిఖీదారు వ్రేలికి తగులును. కంప్యూటరు వ్రాతలో ఆ పలుచదనము లేదు. నాలుగువేల పుస్తకముల పట్టికపై నలుబది పుస్తకముల పట్టికను పెట్టినను, తెర నున్నగనే కనబడును. కావుననే పాత లెక్కల మర్యాదను యంత్రమునకు మనుజుడు నేర్పవలసియున్నది.

ఒక ఉదాహరణము ఊహింపవచ్చును. ఒక గ్రంథాలయమున ఇద్దరు కార్యకర్తలు యాక్సెషన్ రిజిస్టరును కంప్యూటరున కెక్కించుచున్నారనుకొందురు గాక. ఒకరు గ్రంథాలయములోని కంప్యూటరుపై తెలుగు కావ్యముల వివరములు వ్రాసిరి. మరియొకరు ఆ ఫైలునే పెన్‌డ్రైవులో ఇంటికి గొనిపోయి, నవలల వివరములు వ్రాసిరి. ఇద్దరి ఫైళ్లకును పేరొక్కటే. రెండవవారు వచ్చి పెన్‌డ్రైవునుండి నకలు చేయగా యంత్రము అడిగినది. పెన్‌డ్రైవులోనిది క్రొత్త తేదీగలది కనుక అదియే సరియని ఆయన భావించి రీప్లేస్ అనెను. నవలలు నిలిచినవి, కావ్యములు పోయినవి. ఎవరిదిని దురుద్దేశము కాదు. తేదీ క్రొత్తదైనంతమాత్రమున అందులో సర్వమును ఉండుననుకొనుటయే దోషము. ఆ తేదీ కడపట మార్చిన సమయమును మాత్రమే చెప్పును. లోపల ఏమున్నదో చెప్పదు. పరిమాణము కూడ అట్టిదే. పెద్దదానిలో లేనిది చిన్నదానిలో ఉండవచ్చును. రెండును ఉంచి, తెరచి, చదివి చూచుట తప్ప వేరు మార్గము లేదు.

ఇంకను ప్రమాదకరమైనది ప్రశ్న క్రింద నుండు ఒక చిన్న గడి. ఇకముందు వచ్చువానికన్నింటికిని ఇదే బదులు అని దాని భావము. మూడువందల ఫైళ్లను చేర్చునపుడు, మూడువందలసార్లు అడుగునన్న విసుగుతో దానికి గుర్తు పెట్టుదురు. మొదటి ఫైలును చూచి ఇచ్చిన తీర్పు, చూడని రెండువందల తొంబదితొమ్మిదింటికిని శిక్షయగును. అన్నింటికిని ఒకే బదులీయవలసివచ్చినచో, స్కిప్ అను బదులును, రెండును ఉంచుమను బదులును నష్టము చేయవు. రీప్లేస్ అను బదులును మాత్రము మూకుమ్మడిగా ఈయరాదు.

ఫోల్డరుల విషయమున మరియొక మెలిక కలదు. విండోస్‌లో ఒక ఫోల్డరుపై అదే పేరుగల ఫోల్డరును నకలు చేసినచో, రెండింటిలోని ఫైళ్లును కలిసిపోవును. ఒకే పేరుగలవానిని గురించియే అడుగును. మాకింతోషులో ఫోల్డరుకు రీప్లేస్ అన్నచో, పాత ఫోల్డరు మొత్తము పోయి, దాని స్థానమున క్రొత్తది నిలుచును. ఒకచోట కలయిక, మరియొకచోట తొలగింపు. ఒక యంత్రముపై అలవాటైన చేయి వేరు యంత్రముపై అదే అలవాటుతో పోయినచో, ఒక సంవత్సరపు ఛాయాచిత్రములు క్షణములో పోవచ్చును. ఆజ్ఞలను అక్షరములతో వ్రాసి పనిచేయించు యూనిక్స్, లినక్స్ వ్యవస్థలలో నకలు ఆజ్ఞ సాధారణముగా అడుగకయే పైవ్రాత చేయును. అడుగవలెనని కోరి ఒక గుర్తు చేర్చినపుడే అడుగును. అడుగుట యంత్రముల కెల్ల సహజ గుణము కాదు. అడుగు యంత్రము దొరకుట అదృష్టమే.

ఫైలును తరలించుటలో కట్ చేసి పేస్ట్ చేయుట కంటె, కాపీ చేసి, క్రొత్తచోట తెరచి చూచి, తరువాత పాతదానిని చెరుపుట క్షేమము. చెఱకుబండిని కాటాకు తోలిన రైతు, తూకపు చీటీ చేతికి రానిదే బండిని ఖాళీ చేయనీయడు. గోవాడ పంచదార మిల్లు ఎరిగిన ఈ ప్రాంతపు రైతులకు ఇంతకంటె చెప్పనక్కరలేదు. పెన్‌డ్రైవుల విషయమున ఇది మరింత ముఖ్యము. వానిలో చెరిపిన ఫైళ్లు సాధారణముగా చెత్తబుట్టకు పోక, నేరుగనే పోవును. షిఫ్ట్ మీటను అదిమి చెరిపినవియు అంతే.

ఇన్ని జాగ్రత్తలు తీసికొన్నను పోవుట కలదు. పోయినపుడు చేయవలసిన మొదటి పని, ఏమియు చేయకుండుట. చెరిపిన ఫైలు సాధారణముగా ఆ క్షణముననే పళ్లెమునుండి తుడిచిపెట్టబడదు. విషయసూచికలో దాని పేరు కొట్టివేయబడి, అది యున్న చోటు ఖాళీయని గుర్తింపబడును. పుట మిగిలియుండగా సూచికలో పంక్తి పోయినట్లన్నమాట. తరువాత వచ్చు ఫైళ్లు ఆ ఖాళీచోటును ఆక్రమించినపుడే అసలు వ్రాత నశించును. కావున పోయినదని తెలిసినవెంటనే ఆ కంప్యూటరుపై క్రొత్త పని ఆపవలెను. చెత్తబుట్టను చూడవలెను. కంట్రోలు, జడ్ మీటలతో కడపటి చెరుపును వెనుకకు తీసికొనవచ్చునేమో చూడవలెను. పాతరూపములను దాచు ఏర్పాటు ముందుగా చేసియున్నచో అందు వెదకవలెను. వెలికితీయు సాధనమును వాడవలసినచో దానిని అదే పళ్లెముపై ఎక్కింపరాదు. దొరికిన ఫైళ్లను అదే పళ్లెముపై దాచరాదు. దొంగతనము జరిగిన గదిని పోలీసులు రాకముందే ఊడ్చివైచినట్లగును. ఇటీవలి ఎస్.ఎస్.డి. అను నిల్వసాధనములలో, ఖాళీయని గుర్తించిన చోటును యంత్రమే తనంతట తాను శుభ్రము చేసికొనుచుండును. అందువలన వానిలో పోయినది దొరకు ఆశ తక్కువ.

ఆశ తక్కువైనచోట ముందుజాగ్రత్తయే శరణ్యము. ముందుజాగ్రత్త లేనివారు పెద్ద సంస్థలలో కూడ కలరు. 1969 జూలైలో మానవుడు చంద్రునిపై అడుగుపెట్టిన దృశ్యమును భూమిపై గ్రహించిన అసలు టేపులకై అమెరికా అంతరిక్ష సంస్థ ఎంతో వెదకి, అవి చెరుపబడి తిరిగి వాడబడియుండవచ్చునని 2009లో తేల్చినది. టేపుల కొరతచే పాతవానిపై క్రొత్తది వ్రాసిరి. దూరదర్శన సంస్థలకు చేరిన ప్రసారపు నకళ్లు మిగిలియుండుటచేత ఆ దృశ్యము లోకమునకు దక్కినది. మూలపు స్పష్టత మాత్రము దక్కలేదు. చంద్రునివరకు పోయి వచ్చినవారు పెట్టెపైనున్న చీటీని చదువుటలో ఓడిపోయిరి.

1998లో పిక్సార్ అను చలనచిత్ర సంస్థలో, టాయ్ స్టోరీ 2 చిత్రమునకు సంబంధించిన ఫైళ్లలో అధికభాగము ఒక తప్పు ఆజ్ఞతో చెరిగిపోయెను. నకళ్లున్నవని ధైర్యముగా తెరచిచూడగా, అవి సరిగా నిలువయే కాలేదని తేలెను. ఆ చిత్రమునకు పనిచేయుచున్న గాలిన్ సుస్మన్ అను ఉద్యోగిని, శిశువు పుట్టియుండుటచే ఇంటినుండి పనిచేయుచు, ఇంటి కంప్యూటరులో ఒక ప్రతి ఉంచుకొనియుండెను. ఆ ప్రతియే చిత్రమును నిలిపినది. నకలు ఉన్నదనుకొనుట వేరు, నకలును తెరచి చదివి చూచుట వేరు. నిప్పుపెట్టె ఉన్నదని నమ్మి చీకటిలో చేయి పెట్టినవానికి అందులో పుల్లలున్నవో లేవో అప్పుడే తెలియును.

తెలుగు పాఠకులకు దగ్గరి నిదర్శనము డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా. హైదరాబాదులోని అంతర్జాతీయ సమాచార సాంకేతిక సంస్థ మొదలగువాని కృషిచే వేలకొలది పాత తెలుగు పుస్తకముల పుటలు అందు చేరినవి. పల్లెటూరి పాఠకుడు కూడ తన తాత చదివిన పుస్తకమును తెరపై చూడగలిగెను. కొంతకాలమునకు ఆ స్థానము మూతపడెను. కాని అంతకుముందే శ్రద్ధగలవారు అందులోని పుస్తకములను పెక్కింటిని ఇంటర్నెట్ ఆర్కైవ్ అను మరియొక నిలయమునకు నకలు చేసి యుంచిరి. నేడు ఆ పుస్తకములు అక్కడ చదువబడుచున్నవి. బ్రౌన్ కైఫియతులకు చేసినదే, ఈ కాలమున ఈ పుస్తకములకు జరిగినది.

ఇక్కడ ఒక హెచ్చరిక కావలెను. ఫోనులోని చిత్రములు తమంతట తామే గూగుల్ వంటిచోట చేరుచున్నవి కనుక నకలున్నదని కొందరు నిశ్చింతగా నుందురు. రెండుచోట్లను ఎల్లప్పుడు ఒకేవిధముగ నుంచు ఏర్పాటు నకలు కాదు, అది అద్దము. ముఖమున మసి పడినచో అద్దమునను మసియే కనబడును. ఒకచోట చెరిపినది రెండవచోటను చెరిగిపోవును. గూగుల్ డ్రైవులో చెరిపినది 30 దినములు మాత్రమే బుట్టలో నుండును. నిజమైన నకలు వేరుచోట, వేరు సాధనముపై, ఒకచోటి తప్పు రెండవచోటికి అంటని విధముగా నుండవలెను. పెద్దలు ధాన్యమును ఒక్క గాదెలో పోయక, విత్తనములను వేరుగా ఉట్టిపై కట్టి యుంచుటలోని తెలివి ఇదియే.

అన్నింటిని దాచుచు పోయినచో పేరు ప్రక్కన రెండు, మూడు, నాలుగు అని అంకెలు పెరిగి, ఏది అసలుదో తెలియక పోవునని ఒక ఆక్షేపణ కలదు. ఆక్షేపణ న్యాయమైనదే. చెత్తను పెంచుట భద్రత కాదు. దానికి పరిష్కారము పేరు పెట్టుటలో నున్నది. రిజిస్టరు అని ఊరక పేరు పెట్టక, రిజిస్టరు 2024-06-15 అని సంవత్సరము, నెల, దినము వరుసగా వ్రాసినచో, ఫైళ్లు తమంతట తామే కాలక్రమమున నిలుచును. రెండు ఫైళ్లకు ఒకే పేరు పడు సందర్భమే తగ్గును. రెండును ఉంచుట తాత్కాలికము. వీలైన దినమున ఇద్దరు కూర్చుండి, రెండింటిని తెరచి, పోల్చి, కలుపవలసినది కలిపి, ఆ పిదప మిగులును తీసివేయవచ్చును. తీసివేయుట తప్పు కాదు. చూడకయే తీసివేయుట తప్పు.

ఈ గ్రంథాలయము రెండవ ఇరువదియైదేండ్లలో అడుగిడుచున్న సమయమున, కార్యవర్గమువారు ఆలోచింపదగిన ఏర్పాటులు కొన్ని కలవు. కంప్యూటరున కెక్కిన రిజిస్టరులకును, లెక్కలకును మూడు ప్రతులుండవలెను: ఒకటి గ్రంథాలయములో, ఒకటి వేరు సాధనముపై, ఒకటి వేరొక ఇంటిలో. మూడునెలల కొకసారి ఆ ప్రతులను తెరచి, పది పేరులు చదివి చూచి, చూచినవారు కాగితముపై సంతకము చేయవలెను. ఒకే ఫైలుపై ఇద్దరు ఒకే దినమున వేరువేరుగా పనిచేయరాదు. రీప్లేస్ అను బదులీయు అధికారము ఒకరికే యుండవలెను. తక్కినవారు రెండును ఉంచి ఆ ఒకరికి చెప్పవలెను. కంప్యూటరున కెక్కినదని చేతివ్రాత రిజిస్టరులను చిత్తుకాగితములవానికి ఈయరాదు. అన్నింటికంటె చివర మిగులు నకలు అదియే కావచ్చును.

యంత్రము ముందు కూర్చుండు యువకులపైనను, యువతులపైనను నింద మోపుటకు ఈ మాటలు చెప్పబడలేదు. వారి ఓపికచేతనే పాత పుటలు క్రొత్త వెలుగును చూచుచున్నవి. పొరపాటున ఏదైన పోయినచో, దాచక వెంటనే చెప్పు ధైర్యము వారికి పెద్దలు ఈయవలెను. కోపమునకు వెరచి దాచిన గంటలోనే, పోయిన ఫైలుపై మరియొకటి పడి, దొరకవలసినది కూడ దొరకకపోవును. ఫైలు పోయినచో ఎవరిది తప్పని మొదట అడుగు ఇంటిలో ఫైళ్లు ఎక్కువగా పోవును. ఎప్పుడు పోయినది, తరువాత ఏమి చేసితివని మొదట అడుగు ఇంటిలో సగము దొరకును.

రిజిస్టరులో ఒక పంక్తి యనగా ఒక అంకె, ఒక పేరు, ఒక వెల మాత్రమే కాదు. తన బిడ్డ పేర ఒక పుస్తకమిచ్చిన తల్లి పేరు అందున్నది. పంట అమ్మిన సొమ్ములో పదిరూపాయలు తీసి చందా కట్టిన రైతు పేరు అందున్నది. వారిలో కొందరు నేడు లేరు. వారి పేరు మరియెక్కడను వ్రాయబడి యుండకపోవచ్చును. ఆ పంక్తిపై మరియొక పంక్తి పడకుండ కాపాడుట ఈ గ్రంథాలయము వారికి తీర్పవలసిన ఋణము.

విద్యాధిదేవత కరుణచే ఈ గ్రంథాలయము స్వర్ణోత్సవమును, వజ్రోత్సవమును జరుపుకొనుగాక. ఆనాడు ఎవరైన మొదటి సంవత్సరపు దాతల పట్టికను చూపుమని అడిగినచో, కార్యదర్శి తడవుకొనక, తడుముకొనక తీసి చూపుగాక.

స్వస్తి.